మైకు వినపడనంత దూరం

ఆ ఎండాకాలం మా అమ్మకు రెండు భయాలు పట్టుకున్నాయి. మా నాయన గుండె ఎప్పుడు ఆగిపోతుందోనని ఒకటి. ఆగిపోయాక ఆయన ఎక్కడికి పోతాడోనని ఇంకొకటి. మొదటి భయం నాకూ ఉండేది కాబట్టి ఇద్దరం పంచుకున్నాం. రెండోది ఆమె ఒక్కతే మోసింది.

మా నాయన ఓబయ్య తిరుచానూరు స్టాండులో ఆటో తోలేవాడు. భక్తులను లాడ్జీల నుంచి అమ్మవారి గుడికి, గుడి నుంచి తిరుపతి బస్టాండుకు చేర్చడం ఆయన పని. మా అమ్మ సంతోషమ్మ యేసుప్రభువును నమ్ముకున్న మనిషి. నాయన నమ్ముకోలేదు. నమ్ముకున్న ఆమెను వద్దని ఒక్కనాడూ అనలేదు. పైగా ప్రతి ఆదివారం బాడుగలు మానుకొని ఆమెనూ నన్నూ రేణిగుంట రోడ్డులోని మా మందిరానికి తీసుకుపోయేవాడు. మేము లోపలికి పోతే గోడ పక్కన ఆటో నిలిపి, వెనక సీట్లో కాళ్ళు ముడుచుకొని పడుకునేవాడు. మందిరం మైకు సరిగ్గా ఆయన నెత్తి మీదే. పాటలూ ప్రసంగాలూ అన్నీ చెవిలో పడేవి. వారమంతా మా కీర్తనలు కూనిరాగం తీస్తూ భక్తులను అమ్మవారి గుడికి తోలుకుపోయేవాడు. ఎవరైనా ఏమన్నా అనుకుంటారు నాయనా అంటే, రాగం బాగుంటే ఏ దేవుడూ కొట్టడులే పాపా అని నవ్వేవాడు.

ఉగాది దాటిన కొద్ది రోజులకు స్టాండులోనే ఛాతీ పట్టుకొని కూలబడ్డాడు. రక్తనాళాలు పూడుకుపోయాయి, ఎద తెరిచి ఆపరేషన్ చెయ్యాలి, షుగరు దిగేదాకా ఆగాలి అని డాక్టర్లు జూన్ నెలకు పెట్టారు. అంతదాకా ఏమైనా కావచ్చు, ఆపరేషన్‌లో కూడా ఏమైనా కావచ్చు అన్నారు. వాళ్ళకు ఆ మాట ఇంగ్లీషులో చెప్పడం తేలిక. దాన్ని తెలుగు చేసి అమ్మకు చెప్పాల్సింది నేను. ఏర్పేడు దగ్గర కాలేజీ హాస్టల్ ఆఫీసులో పనిచేస్తాను కాబట్టి మా ఇంటికి చదువుకున్న దాన్ని నేనే.

ఆటో మానమంటే నాయన మానలేదు. దగ్గర బాడుగలే పోతాలే అన్నాడు. నేను ఆఫీసులో కూర్చొని ఊరికే ఫోన్లు చేసేదాన్ని. ఎత్తడం ఆలస్యమైతే నా ఒళ్ళు చల్లబడేది. ఎత్తినాక కోపం వచ్చేది.

ఏప్రిల్‌లో మందిరంలో వేసవి కూటాలు జరిగాయి. చివరి రోజైన ఆదివారం, చిత్తూరు నుంచి వచ్చిన బోధకుడు సందేహాలుంటే అడగండని ఆడవాళ్ళ వైపు కూడా మైకు పంపించాడు. మా అమ్మ ఇన్నేళ్ళలో మందిరంలో పాటకు తప్ప నోరెత్తి ఎరగదు. ఆ రోజు లేచి నిలబడింది.

"అయ్యా, ఒక మనిషి ఉండాడనుకోండి. ఎవురికీ కీడు సెయ్యడు. అబద్ధం చెప్పడు. పక్కోడి కష్టం సూసి వూరుకోడు. కానీ నమ్ముకోలే. అట్టాంటోడు పోతే యాడికి పోతాడయ్యా?"

బోధకుడు కసురుకోలేదు, మంచివాడే. సువార్త చెవినే పడనివాళ్ళ సంగతి వేరమ్మా అన్నాడు. వాళ్ళను దేవుడు మనస్సాక్షిని బట్టి చూస్తాడని చెప్పే పెద్దలున్నారు, నేనూ అట్లాగే ఆశపడతాను అన్నాడు. కానీ వినీ తెలిసీ వదిలేసినవాళ్ళకు సాకు లేదు, మంచితనం ఒక్కటే ఎవరినీ ఒడ్డు చేర్చదు అన్నాడు. అమ్మ తల ఊపింది. మైకు తిరిగి ఇచ్చి కూర్చుంది.

తర్వాతి ఆదివారం మందిరం ఇంకా వంద గజాలు ఉందనగానే అమ్మ ఆటో ఆపమంది. వీధి చివర మున్సిపాలిటీ నీళ్ళ ట్యాంకు దగ్గర పెట్టుకో, నీడగా ఉంటుంది అంది. అక్కడ నీడా లేదు, పాడూ లేదు. నాయన సరేనని అక్కడే నిలిపాడు. ఆ తర్వాతి వారమూ అంతే. గుండె జబ్బు మనిషిని ఎండలో పడేసి మనం ఫ్యాను కింద కూర్చోవడమేంది మా అని, ఆరాధన అయ్యాక చెప్పులు వేసుకుంటూ నేను గట్టిగానే అడిగాను. ఆమె అటూ ఇటూ చూసి నన్ను గోడ పక్కకు లాగింది.

"ఇన్నేండ్లూ నేనే పిలుచుకొచ్చి ఆ మైకు కింద పండుకోబెడితిని గదా పాపా. నేను బస్సులో వచ్చింటే ఆయన చెవిన పడకనే పోయేది. నేనే వినిపిస్తి."

నవ్వు వచ్చింది నాకు. నవ్వలేకపోయాను. విన్నది విన్నట్టే ఉంటుంది కదా, ఇప్పుడు దూరంగా పెడితే ఏం లాభం అన్నాను.

"మర్సిపోతాడేమో," అంది అమ్మ. "వయసైంది గదా."

అట్లా మా అమ్మ ఆ వేసవిలో, రక్షణ కోసం, మా నాయనకు వాక్యం వినపడకుండా కాపలా కాసింది. ఇంట్లో పాట పాడుకోవడం మానేసింది. ఆయన లోపలికి వస్తే ఫోనులో ప్రసంగం ఆపేసేది. ఆయన ఎప్పటిలాగా కీర్తన కూనిరాగం తీస్తే, నీకెందుకయ్యా ఆ పాట, సినిమా పాటేదన్నా పాడుకోరాదా అనేది. ఆయన ఆమె ముఖం చూసి ఊరుకునేవాడు. ఆమె అన్నం సగంలో లేచేది. రాత్రిళ్ళు ఆయన ఊపిరి ఆడుతోందో లేదో చెయ్యి పెట్టి చూసేదని నాకు తెలుసు, ఎందుకంటే నేనూ అదే పని మీద లేచేదాన్ని.

మే నెలలో ఒక పొద్దున నాయన రాగిజావ తాగుతూ, ఇదేమంత పెద్ద సంగతి కాదన్నట్టు చెప్పాడు.

"సంతోషా, అయ్యగారికి చెప్పు. నేను మునుగుతా."

అమ్మ చేతిలో చెంబు అట్లాగే ఉండిపోయింది. ఏందయ్యా నువ్వనేది అంది.

"ఎండలో పెట్టి పెట్టి ఆటో సీటు పగిలిపోతా ఉండాది. నువ్వు సూస్తే కూడు తినవు. నేను మునిగితే నీ భయం పోతాదంటే మునుగుతా. దానికేం."

నువ్వు చెప్పినావా అని అమ్మ నా వైపు చూసింది. నేను చెప్పలేదు.

"ఆ పొద్దు మైకులో నువ్వే అడిగితివి గదమ్మే," అన్నాడు నాయన. "నీ గొంతు నాకు తెలీదా?"

అమ్మ చెంబు కింద పెట్టి ఏడ్చింది. ఆ రోజు నుంచి ఇంట్లో మళ్ళీ పాట వినిపించింది. కొత్త తెల్ల పంచె కొనుక్కొచ్చింది. ఏబెల్ అయ్యగారు, మా పాస్టరు, సంతోషంగా బాప్తిస్మం ఆదివారానికి పెట్టారు. నాకు మాత్రం నిమ్మళం లేదు. మా సంఘంలో బాప్తిస్మం చిలకరింపు కాదు, పసిపిల్లలకు ఇచ్చేదీ కాదు. నీళ్ళలో నిలబెట్టి అందరి ముందూ అడుగుతారు, నమ్ముతున్నావా అని. ఎవరి నోటితో వాళ్ళే చెప్పాలి. నాయన మునుగుతానన్నాడే గానీ నమ్ముతానని అనలేదు. ఆ తేడా అమ్మకు తట్టలేదో, తట్టినా పట్టించుకోలేదో.

తిరుపతి గంగమ్మ జాతర ఆ వారమే పడింది. నేను పసిబిడ్డగా జ్వరంతో కొట్టుకుంటున్నప్పుడు అమ్మ ప్రభువుకు మొక్కుకుంది, నాయన గంగమ్మకు మొక్కుకున్నాడు. నేను బతికాను. ఎవరు బతికించారని వాళ్ళిద్దరూ ఎప్పుడూ వాదులాడుకోలేదు. ఆమె మానకుండా మందిరానికి పోయింది, ఆయన మానకుండా ఏటా జాతరలో బైరాగి వేషం కట్టాడు. ఒళ్ళంతా తెల్లసుద్ద పూసుకొని, చేతిలో వేపమండ పట్టుకొని గుడికి పోవాలి. వేషం కట్టినవాళ్ళు బూతులు తిట్టడం అక్కడి ఆచారం. మా నాయనకు బూతులు రావు. స్టాండులో ఆయన జతగాడు చిన్నబ్బ ఇద్దరి వంతూ తిట్టేవాడు, ఈయన వేపమండ ఊపేవాడు.

ఈసారి పోడని మేమనుకున్నాం. ఎవరమూ పోవద్దని చెప్పలేదు, చెప్పాల్సిన పని ఉంటుందని తోచలేదు.

బుధవారం మిట్టమధ్యాహ్నం తల నుంచి పాదాల దాకా సుద్దతో వాకిట్లోకి వచ్చి నిలబడ్డాడు. అమ్మ చూసి గడప మీదే కూర్చుండిపోయింది. ఆ ఎండలో అంత దూరం నడిచావా అని నేను కేకలు వేశాను. నా భయం నాది. ఆమె భయం వేరే. సాయంత్రానికి ఆ వేషంతో ఉన్న ఫోటో ఎవరి ఫోనులో నుంచో మా సంఘ పెద్ద పాల్ ఫోనుకు చేరింది. ఆయనా, ఏబెల్ అయ్యగారూ కలిసి వచ్చారు. నాయన స్నానం చేసి కూర్చున్నాడు. చెవుల మడతల్లో ఇంకా తెలుపు ఉంది.

"ఆదివారం బాప్తిస్మం పెట్టుకొని ఈ పొద్దు ఈ వేషం ఏంది ఓబయ్యా? సంఘానికి నేనేం చెప్పుకునేది?" అన్నాడు పాల్.

"ఆదివారం ఉండాదనే పోయినానప్పా. ఇన్నేండ్లు ఆయమ్మ దగ్గిర ఉంటిమి. చెప్పకుండా పోతే బాగుంటాదా?"

ఏమని చెప్పినావన్నా అని అయ్యగారు మెల్లగా అడిగారు.

"మా ఇంట్లో ఆమె భయపడతా ఉండాది తల్లీ, ఆమె జతకు పోతా ఉండా, ఏమనుకోవద్దు అని చెప్తిని."

"నీకు ప్రభువు మీద నమ్మకం కుదిరిందా అన్నా?"

నాయన ఆలోచించాడు. టైమెంతని అడిగినా ఆలోచించే చెప్పే మనిషి.

"సంతోషమ్మ మింద ఉండాది అయ్యా."

మారుమనసు లేకుండా ముంచితే అది వట్టి స్నానం, ఈ ఆదివారం వద్దని పాల్ లేచాడు. మా బోధ ప్రకారం ఆయన అన్నదాంట్లో తప్పేమీ లేదు. అమ్మ అయ్యగారి కాళ్ళ దగ్గర కూర్చొని, ఆపరేషన్ దగ్గర పడిందయ్యా, మళ్ళా ఎప్పుడు అని మాత్రం అంది. అయ్యగారు ఆమెను లేపి కూర్చోబెట్టారు. నీళ్ళలో అడుగుతాను, ఆయన ఏం చెప్తాడో అది ఆయనకూ దేవుడికీ మధ్య అన్నారు. ఆడ ఏం చెప్పాల్నో ఒకసారి నేర్పించండయ్యా, తప్పు పోకుండా చెప్తా అన్నాడు నాయన. ఆయన ఎగతాళికి అనలేదు.

బండి దగ్గరికి సాగనంపడానికి పోతే అయ్యగారు నాతో అన్నారు.

"కరోనాలో మా నాయన పోతే సంఘం నుంచి ఒక్కరూ రాలేదు కృపా. మీ నాయనే ఆటోలో ఏసుకొచ్చినాడు. గుంత తవ్వినాడు. నేను జ్వరంతో పడి ఉంటే మట్టి కూడా ఆయనే ఏసినాడు. ఆయన లేని పరలోకంలో మా నాయన ముఖం నేనెట్ట చూసేది? ఒక్కసారి అవునంటే చాలు. నేను ఇంకేం అడగను."

ఆయన అవునంటాడయ్యగారూ, అదే నా భయం అన్నాను. అయ్యగారు బండి స్టార్టు చేసుకొని పోయారు.

రేణిగుంట దాటాక ఒక విశ్వాసి మామిడితోట ఉంది. మా బాప్తిస్మాలు అక్కడి బోరు నీళ్ళ తొట్టిలోనే. ఆదివారం పొద్దున్నే అందరం చేరాం. కాయలు కోతకొచ్చి కొమ్మలు నేలకు ఆనుతున్నాయి. మా వాళ్ళు పాట ఎత్తుకున్నారు. పాల్ కూడా వచ్చాడు, దూరంగా చేతులు కట్టుకొని నిలబడ్డాడు. ముందు ఇద్దరు వయసు పిల్లలను ముంచారు. అడగడం ఆలస్యం, నమ్ముతున్నానని గట్టిగా చెప్పి మునిగి లేచారు.

తర్వాత నాయన. కొత్త పంచె కట్టుకొని మెట్లు దిగి, నడుం లోతు నీళ్ళలో అయ్యగారి పక్కన నిలబడ్డాడు. ఎప్పుడూ ఖాకీ చొక్కాలో చూసే మనిషి ఎముకలు తేలిన ఛాతీతో కొత్తగా కనిపించాడు. అయ్యగారు ఆయన వీపు మీద ఒక చెయ్యి వేసి అడిగారు, యేసుప్రభువును నీ సొంత రక్షకుడిగా నమ్ముతున్నావా అని.

నాయన వెంటనే చెప్పలేదు. అమ్మ వైపు చూశాడు. నీకోసమేలే అన్నట్టు కొంచెం నవ్వాడు కూడా. గొంతు సవరించుకున్నాడు.

"అయ్యగారూ," అంది అమ్మ. "డాక్టరు సన్నీళ్ళు వద్దన్నాడు. నేనే మర్సిపోతిని. గుండె పట్టుకుంటాదంట. బయటికి రానీండి."

ఏ డాక్టరూ ఆ మాట అనలేదు. డాక్టర్ల మాటలన్నీ ఆమెకు తెలుగు చేసి చెప్పింది నేనే. పైగా మే నెల తొట్టి, నీళ్ళు గోరువెచ్చగా ఉన్నాయి. అయ్యగారు ఆమె వైపు ఒక్క క్షణం చూసి, నాయన భుజం పట్టుకొని మెట్లు ఎక్కించారు. అమ్మ తువ్వాలుతో ఆయన కాళ్ళు తుడిచింది. తల తడిసింది లేదు.

ఇంటికి వచ్చాక, నాయన పడుకున్నాక, వంటింట్లో నా పక్కన కూర్చొని చెప్పింది.

"నాతో కాపురం సేసినంత కాలం ఒక్క అబద్ధం ఎరగడు. ఈ పొద్దు దేవుని ముందర నిలబడి నాకోసరం చెప్పబోయినాడు. ఎట్ట చెప్పనిచ్చేది?"

"మరి నీ భయం?" అన్నాను.

"ఉండాది," అంది. బియ్యం ఏరుతూ ఉండిపోయింది.

తర్వాతి ఆదివారం ఆటోను మందిరం గోడ పక్కకే పెట్టమంది. ఎండలో ఎందుకు, వింటే విననీ అంది.

ఆపరేషన్‌కు ఇంకా కొన్నాళ్ళుందనగా, ఒక మధ్యాహ్నం తిరుచానూరు స్టాండులో నాయన పోయాడు. లాడ్జి నుంచి ముసలి దంపతులను గుడి దగ్గర దించి వచ్చి, చిన్నబ్బను మంచినీళ్ళు అడిగి, వెనక సీట్లో కూర్చున్నాడట. చిన్నబ్బ నీళ్ళు తెచ్చేసరికి అయిపోయింది. ఫోను చేసి చిన్నబ్బ ఏడుస్తుంటే, ఏమైనా అన్నాడా అని అడిగాను. అమ్మ అదే అడుగుతుందని నాకు తెలుసు. నీళ్ళు ఇమ్మన్నాడు పాపా, ఇంకేం అనలేదు అన్నాడు.

మా వీధివాళ్ళ శ్మశానంలోనే పలక డప్పులు కొట్టి పూడ్చాం. సంఘ సభ్యుడు కాదు కాబట్టి వాక్యం చదవలేదు. ఏబెల్ అయ్యగారు వచ్చారు. గుంత తవ్వేవాళ్ళ దగ్గర పార తీసుకొని, నిండేదాకా మట్టి తోశారు. పాల్ మా అమ్మ దగ్గర కూర్చొని నిజంగానే కళ్ళనీళ్ళు పెట్టుకున్నాడు. ఆఖరి ఘడియలో ప్రభువును పిలిచి ఉంటాడులేమ్మా, ఆయన పక్క సిలువ మీది దొంగ కూడా ఆఖర్నే కదా పిలిచింది అన్నాడు.

"ఈయన దొంగ గాదు గదన్నా," అంది అమ్మ.

మా సంఘంలో చనిపోయినవాళ్ళ కోసం ప్రార్థన చెయ్యరు. ఊపిరి ఉన్నప్పుడే అడగాలి, తర్వాత అడిగేది లేదని బోధ. అది పాల్ పెట్టింది కాదు, అయ్యగారు పెట్టిందీ కాదు. మేమందరం అట్లాగే నేర్చుకున్నాం, అమ్మ కూడా.

జూన్ ఆఖరులో మొదటి వాన పడిన శుక్రవారం అమ్మను ఉపవాస ప్రార్థనకు తీసుకుపోయాను. షేర్ ఆటోలో పోయాం. శుక్రవారం ప్రసంగం తక్కువ. ఒక్కొక్కరే లేచి మనవి చెప్తారు, అయ్యగారు అన్నీ గుర్తు పెట్టుకొని వరసగా ప్రార్థన చేస్తారు. రాఘవమ్మ తన మోకాళ్ళ నొప్పి చెప్పింది. ఒకాయన కొడుకు పరీక్ష తప్పిన సంగతి చెప్పాడు. లోహిత అనే పిల్ల కాన్పు దగ్గర పడిందని చెప్పింది. అమ్మ లేచింది.

"మా ఆయన కోసరం," అంది. "ఓబయ్య కోసరం."

కూర్చుంది. ఆడవాళ్ళు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. పాల్ తల వంచుకున్నాడు. అయ్యగారు కళ్ళు మూసుకొని మొదలుపెట్టారు. రాఘవమ్మ మోకాళ్ళు చెప్పారు. ఆ పిల్లవాడి పరీక్ష చెప్పారు. లోహితకూ బిడ్డకూ ఆయుష్షు అడిగారు. నేను పిడికిళ్ళు బిగించుకొని కూర్చున్నాను. దాటేస్తారనుకున్నాను. దాటేస్తే ఈమెను లేపి ఇంటికి ఎట్లా తీసుకుపోవాలా అని మనసులో దారులు వెతుక్కుంటున్నాను.

"ప్రభువా, మా ఓబయ్యన్న," అన్నారు అయ్యగారు. అక్కడ ఆగిపోయారు. బయట వాన శబ్దం వినిపించింది. "నీ దగ్గరికి వచ్చుంటాడు. ఏమీ అడక్కుండా లోపలికి రానీ."

వెనక ఎవరో ఆమెన్ అన్నారు. తర్వాత పాల్ అన్నాడు. తర్వాత అందరూ అన్నారు. అమ్మ అనలేదు. చాపలు చుట్టేస్తున్నారు, లైట్లు ఆర్పేస్తున్నారు, ఆమె మోకాళ్ళ మీదే ఉంది, కళ్ళు మూసుకొని, ప్రభువు జవాబు చెప్పేదాకా లేచేది లేదన్నట్టు.